ఆ అంకె దిద్దకండి, అడగండి

క్యాన్సర్ చికిత్సల మీద వచ్చే ఇంగ్లీష్ పరిశోధన వ్యాసాలకు పదహారేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. పోయిన నెల ఈ పేజీలో ఆ పని గురించి నాలుగు మాటలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, ఆరింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను. పేరు వేయొద్దని చాలామంది రాశారు, అందుకని ఎవరి పేరూ వేయడం లేదు.

అక్కా, ఏలూరు రోడ్డులో ఒక పబ్లిషర్ దగ్గర పదకొండేళ్లు గైడ్లకీ తెలుగు పుస్తకాలకీ ప్రూఫులు చూశాను. చదివింది బీఏ. ఇప్పుడు ఇంటి నుంచే మెడికల్ జర్నల్స్ ప్రూఫులు చూసే పని దొరికింది. మొన్న ఒక వ్యాసంలో నివోలుమాబ్ అనే మందు 20 మిల్లీగ్రాములు అని ఉంది. నెట్‌లో ఎక్కడ చూసినా 240 అనే ఉంది. మధ్యలో 4 ఎగిరిపోయిందనుకుని 240 అని దిద్దేశాను, మళ్లీ భయమేసి ముందున్నట్టే పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సైన్సు చదవని నాలాంటివాళ్లు ఈ పని చేయొచ్చా? — విజయవాడ

చేయొచ్చమ్మా. మీరు దిద్దింది వెనక్కి తీసుకున్నారు చూడండి, ఆ భయం ఉన్నవాళ్లే చేయాలి.

మీ దగ్గరికి వచ్చింది ఏ వ్యాసమో నాకు తెలియదు గానీ, 20 మిల్లీగ్రాములు నిజంగానే ఇచ్చిన ట్రయల్, అంటే రోగుల మీద మందును పరీక్షించిన పరిశోధన, ఒకటుంది, అదీ మన దేశంలోనే. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు తల, మెడ క్యాన్సర్ బాగా ముదిరిన 151 మంది మీద చేశారు, 2022లో ప్రచురించారు. నివోలుమాబ్ మామూలుగా రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు ఇస్తారు. దాని ఖరీదు మన దగ్గర చాలామంది భరించలేరు. అందుకని వాళ్లు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు మాత్రమే, చవకగా దొరికే నోటి మందులతో కలిపి ఇచ్చి చూశారు. మామూలు డోసులో పదో వంతు కూడా లేదు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు, ఆ నోటి మందులు మాత్రమే తీసుకున్న గుంపులో 16.3 శాతం, ఈ చిన్న డోసు కలిపిన గుంపులో 43.4 శాతం. ఆ పరిశోధన మొత్తం ఆ 20 అనే అంకె మీదే నిలబడి ఉంది. ఎవరో ఒకరు మంచి చేస్తున్నామనుకుని దాన్ని 240 చేసేస్తే వ్యాసానికి అర్థమే లేకుండా పోయేది. పేదవాళ్లకు అందే చికిత్స ఒకటి కనబడకుండా పోయేది.

అందుకే నేను కొత్తగా వచ్చే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెప్పే మాట ఒకటే. స్పెల్లింగు దిద్దండి, కామా దిద్దండి, ఏకవచనం బహువచనం దిద్దండి. అంకె మాత్రం ముట్టుకోవద్దు. మందు పేరు, డోసు, ఎన్ని రోజులు, ఎంతమంది, ఎక్కువా తక్కువా చెప్పే గుర్తులు, 'కాదు' 'లేదు' అనే మాటలు, వీటిలో ఎక్కడ అనుమానం వచ్చినా మార్జిన్‌లో ఆథర్ క్వెరీ, అంటే రచయితకు ఒక ప్రశ్న, పెట్టాలి. క్వెరీ కూడా సూటిగా ఉండాలి. "దయచేసి చూడండి" అని రాస్తే రచయిత చూసి "ఓకే" అని పంపేస్తాడు. "3వ పేజీలో 20 మిల్లీగ్రాములు అని ఉంది, మామూలు డోసు 240. ఇది కావాలని పెట్టిన తక్కువ డోసేనా?" అని రాయండి, అవునో కాదో చెప్పక తప్పదు.

అంకె సరిగ్గానే ఉండి, పక్కన ఉన్న మాట కొంప ముంచడం కూడా ఉంటుంది. 1994లో అమెరికాలో బోస్టన్ గ్లోబ్ పత్రికలో ఆరోగ్య విషయాలు రాసే బెట్సీ లేమన్ అనే ఆవిడ రొమ్ము క్యాన్సర్‌కి ప్రయోగాత్మక చికిత్స తీసుకుంటోంది. సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు నాలుగు రోజుల్లో కలిపి మొత్తం ఎంత ఇవ్వాలో అంత, ఒక్కో రోజూ ఇచ్చారు, అలా నాలుగు రోజులు. నాలుగు రెట్లన్నమాట. ఆవిడకి 39 ఏళ్లు, చనిపోయింది. పొరపాటు బయటపడింది రెండు నెలల తర్వాత, అదీ ఆసుపత్రిలో పరిశోధన తాలూకు వివరాలు ఎక్కిస్తుంటే. "నాలుగు రోజులకు ఇంత" అని ఉన్నప్పుడు అది రోజుకా మొత్తమా అని అడగడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు, తెలుగు గైడులో లెక్కల చాప్టరు జాగ్రత్తగా చూసిన కళ్లు చాలు. నేను ఇప్పటికీ ప్రతి డోసు దగ్గరా ఆగి మూడు ప్రశ్నలు వేసుకుంటాను. దేనికి ఇంత, అంటే మనిషికా, కిలోకా, చదరపు మీటరుకా? ఎన్నిసార్లు? ఎన్నాళ్లు? మూడింటికీ అక్కడే జవాబు దొరక్కపోతే క్వెరీ పెడతాను.

మందుల పేర్ల విషయంలో ఒక నోటుబుక్కు పెట్టుకోండి. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్. సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్. పాక్లిటాక్సెల్, డోసెటాక్సెల్. డాక్సోరుబిసిన్, డానోరుబిసిన్. కవల పిల్లల్లా ఉంటాయి, స్పెల్‌చెక్‌కి రెండూ కరెక్టే. ఒక వ్యాసంలో ఇద్దరూ కనిపిస్తే ఎవరు ఎక్కడ ఉన్నారో మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి వెతికి చూడండి. డోసులు కూడా నోటుబుక్కులో రాసుకుంటే ఆరు నెలల్లో మీకే తెలిసిపోతుంది. విన్‌క్రిస్టిన్ సాధారణంగా ఒకసారికి 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు కాబట్టి ఎక్కడైనా 10 అని కనిపిస్తే చెయ్యి దానంతట అదే ఆగుతుంది. దిద్దడానికి కాదు, అడగడానికి.

మేడం, నేను డీటీపీ ఆపరేటర్ని. రచయిత పంపిన ఫైల్లో మైక్రోగ్రాములు అని ఉంటే మా పేజీలో మిల్లీగ్రాములు అని వచ్చిందని గొడవ అయింది. నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు, ఒట్టు. ఎలా జరిగింది? — హైదరాబాద్

మీరు మార్చలేదని నమ్ముతున్నాను, ఎందుకంటే అది ఫాంటు చేసే పని. అను ఫాంట్‌లో కొట్టిన తెలుగు పేజీని ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి కదా, ఇదీ అదే. పాత ఫైళ్లలో చాలామంది మైక్రోకి వాడే మ్యూ అనే గ్రీకు అక్షరం కోసం ఎమ్ కొట్టి, దానికి సింబల్ ఫాంటు పెట్టేవాళ్లు. పేజీ మొత్తం సెలెక్ట్ చేసి మీ ఫాంటు పెట్టగానే ఆ మ్యూ మళ్లీ ఎమ్ అయిపోతుంది. మైక్రోగ్రాము కాస్తా మిల్లీగ్రాము అవుతుంది, వెయ్యి రెట్లు. మన తెలుగు పేజీ పాడైతే కళ్లకు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, ఇక్కడ తప్పు కూడా చక్కటి అక్షరంలా కూర్చుంటుంది. అదే దీంట్లో ఉన్న ప్రమాదం.

ఇదే ఫాంటు ఇంకో రెండు పనులు చేస్తుంది. 'ఇంతకు తక్కువ లేదా సమానం' అనే గుర్తు పౌండు గుర్తులా మారుతుంది, 'ఎక్కువ లేదా సమానం' అనేది పైన వేసిన చిన్న 3లా మారుతుంది. వయసు ముందు పౌండు గుర్తు కనిపిస్తే నవ్వుకుని తీసేయకండి, అక్కడ ఒక షరతు ఉండేది. ఆల్ఫా, బీటాలు మామూలు ఏ, బీ అయిపోతాయి, ఇంటర్‌ఫెరాన్ పక్కన ఒంటరిగా చిన్న ఏ కనిపించిందంటే కారణం అదే. పేజీ కట్టే ముందే మాన్యుస్క్రిప్ట్‌లో, అంటే రచయిత పంపిన ఫైల్లో, సింబల్ ఫాంటు ఎక్కడుందో వెతికి, ఒక్కోదాన్నీ ఫాంటు మార్చినా మారని యూనికోడ్ గుర్తుగా మార్చుకోండి. ఆపైన అసలు ఫైలు పీడీఎఫ్ పక్కన పెట్టుకుని గుర్తుల వరకే ఒకసారి పోల్చండి.

ఎక్సెల్ కూడా తక్కువదేం కాదు. సెప్ట్2, మార్చ్1 అనే పేర్లున్న జన్యువుల్ని అది తేదీలనుకుని సెప్టెంబరు 2, మార్చి 1 చేసేస్తుంది. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన వ్యాసాల్లో దాదాపు ఐదో వంతులో ఈ తప్పు ఉందని 2016లో తేల్చారు. చివరికి 2020లో జన్యువులకు పేర్లు పెట్టే కమిటీయే దిగివచ్చి వాటి పేర్లు మార్చాల్సి వచ్చింది.

మేడం, బీఫార్మసీ చివరి సంవత్సరం. ప్రూఫ్ రీడర్ స్టాటిస్టిక్స్ కూడా చూడాలా? హజార్డ్ రేషియో, పీ విలువ అంటేనే టెన్షన్ వస్తుంది. — వరంగల్

లెక్క సరైన పద్ధతిలో చేశారా అనేది మన పని కాదు, దానికి రివ్యూయర్లు, అంటే వ్యాసాన్ని పరిశీలించే నిపుణులు ఉన్నారు. అంకెలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అనేది మాత్రం చూడొచ్చు, దానికి ఫోన్లో ఉన్న కాలిక్యులేటర్ చాలు.

పైన చెప్పిన టాటా ట్రయల్‌నే తీసుకోండి. అందులో హజార్డ్ రేషియో, అంటే రెండు గుంపుల్లో మరణ ప్రమాదాన్ని పోల్చే నిష్పత్తి, 0.545. దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు విలువ ఉండొచ్చనుకునే హద్దులు, 0.362 నుంచి 0.820. ఆ రెండు చివరల్నీ గుణించి వర్గమూలం తీయండి, 0.545 వస్తుంది. ఈ రేషియోలు లెక్కగట్టే తీరు వల్ల అలా రావాలి, కాస్త అటూఇటూ. ఎక్కడైనా బాగా తేడా వస్తే మూడింట్లో ఏదో ఒక అంకె టైపింగ్‌లో చెడిందేమోనని అనుమానించాలి. ఇంటర్వెల్ మొత్తం 1కి ఒకే వైపు ఉంటే పీ విలువ, అంటే నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం, 0.05 కన్నా తక్కువ ఉండాలి. ఇంటర్వెల్ 0.60 నుంచి 0.94 అని చెప్పి పీ 0.20 అంటే రెండిట్లో ఒకటి అబద్ధం. నాకు ఇది నేర్పింది ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, నేను చేరిన ఆఫీసులో పార్ట్‌టైమ్ చేసేవారు. ఆయన పుణ్యమా అని ఎన్ని టేబుళ్లు బయటపడ్డాయో లెక్కలేదు.

రేడియేషన్ వ్యాసాలు ఇంకా సులువు. ఒక్కోసారి ఇచ్చే డోసుని ఎన్నిసార్లో దాంతో గుణించడమే. గ్రే అంటే రేడియేషన్ కొలత. 2 గ్రే చొప్పున 25 సార్లు, 50 గ్రే. రొమ్ము క్యాన్సర్‌లో 2.67 చొప్పున 15 సార్లు అంటే 40.05 వస్తుంది, వాళ్లు 40 అని రాస్తారు, అది తప్పు కాదు. కానీ గ్రే అని ఉండాల్సిన చోట సెంటీగ్రే అని పడితే నూరు రెట్లు తేడా.

దుష్ప్రభావాల టేబుల్‌లో గ్రేడు 5 అని ఒక కాలమ్ ఉంటుంది. గ్రేడు 5 అంటే మరణం. ఆ కాలమ్‌లో 2 అని ఉండి, పక్క పేజీలో "చికిత్స వల్ల మరణాలు లేవు" అని ఉంటే వెంటనే అడగండి. అన్నట్టు, గ్రేడు వేరు, స్టేజి వేరు. కణాలు ఎంత అసహజంగా ఉన్నాయో చెప్పేది కణితి గ్రేడు, ఎంత దూరం పాకిందో చెప్పేది స్టేజి. దుష్ప్రభావం గ్రేడు మళ్లీ ఇంకోటి. రచయితలే తడబడతారు.

ఒక జాగ్రత్త. సర్వైవల్ శాతాల్ని మనుషుల సంఖ్యతో గుణించి సరిపోలేదని క్వెరీ పెట్టకండి. అవి మధ్యలో ఫాలోఅప్‌కి రానివాళ్లని కూడా లెక్కలోకి తీసుకుని కప్లాన్–మేయర్ పద్ధతిలో వేసే అంచనాలు, తలలు లెక్కపెట్టి తీసిన శాతాలు కావు. మొదట్లో నేనూ ఇలాంటి క్వెరీలు పంపేదాన్ని. అనవసరమైనవి నాలుగు వెళ్తే, ఐదోది అసలైనదైనా రచయిత చదవడు.

ఇంత చిన్న జాగ్రత్త ఎంత దూరం పనికొస్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. అమెరికా డ్యూక్ యూనివర్సిటీ నుంచి 2006లో ఒక వ్యాసం వచ్చింది, కణితిలో జన్యువుల తీరు చూసి ఏ కీమో పనిచేస్తుందో ముందే చెప్పొచ్చని. కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు స్టాటిస్టిషియన్లు దాన్ని మళ్లీ చేయబోతే ఎంతకీ అదే ఫలితం రాలేదు. తవ్వి చూస్తే జన్యువుల జాబితా ఒక వరస కిందికి జరిగి ఉంది. కొన్నిచోట్ల మందుకు లొంగే కణాలకూ లొంగని కణాలకూ పేర్లు తారుమారయ్యాయి. అప్పటికే ఆ లెక్కని నమ్ముకుని రోగులకు ఏ మందివ్వాలో ఎంచే ట్రయల్స్ మొదలయ్యాయి. 2010లో వాటిని ఆపారు, 2011లో వ్యాసం వెనక్కి తీసుకున్నారు. తర్వాతి విచారణలో అది పొరపాట్లతో ఆగలేదనీ డేటానే మార్చారనీ తేలింది, అది వేరే కథ. మొదట అనుమానం పుట్టించింది మాత్రం ఒక వరస జరగడం. టేబుల్‌ని అడ్డంగా వేలు పెట్టి చదవండి అని నేను పదేపదే అనేది అందుకే.

అక్కా, పేజీలు చాట్‌బాట్‌కి ఇస్తే నిమిషంలో దిద్ది ఇస్తోంది. మా ఆఫీసులో కొందరు అలాగే చేస్తున్నారు. తప్పా? — చెన్నై

అచ్చు కాని వ్యాసం మీ చేతికి నమ్మి ఇచ్చారు. ఆఫీసు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా దాన్ని బయటి ఏ సాఫ్ట్‌వేర్‌లోకీ ఎక్కించకూడదు, అది మొదటి సంగతి.

రెండోది, అలాంటివి మాటల్ని 'మెరుగు' చేస్తాయి, ఇక్కడ మెరుగు చేయకూడని మాటలే ఎక్కువ. మాటలు మార్చే సాఫ్ట్‌వేర్లతో రాయించిన వ్యాసాల్ని 2021లో గియోమ్ కబనాక్ అనే ఫ్రాన్స్ కంప్యూటర్ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు పట్టుకున్నారు. బ్రెస్ట్ క్యాన్సర్ అనే మాట వాటిలో 'బూజమ్ పెరిల్' అని మారింది, అంటే 'వక్షస్థల గండం' అన్నట్టు. క్యాన్సర్ డాక్టరెవరైనా అలా రాస్తారా? అలాంటి మాట మీకు ప్రూఫుల్లో కనిపిస్తే బ్రెస్ట్ క్యాన్సర్ అని దిద్ది ఊరుకోకండి, ఇది నేను గట్టిగా చెబుతున్నాను. దిద్దితే సాక్ష్యం తుడిచేసినట్టే. ఆ వ్యాసం డబ్బుకి రాయించిన దొంగ వ్యాసం కావొచ్చు, రేపు దాన్ని నమ్మి ఇంకెవరో పరిశోధన మొదలుపెడతారు. ఉన్నది ఉన్నట్టు ఎడిటర్‌కి చూపించండి.

అమ్మా, మీరు డాక్టరు కాదని తెలుసు. మా నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజి. వేస్తున్న మందు గురించి ఒక వ్యాసం చదివాను. 'మీడియన్ ఓవరాల్ సర్వైవల్ 11 నెలలు' అని ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాన్నకి 11 నెలలే ఉందా? — రాజమహేంద్రవరం

తల్లీ, ఆ వాక్యం అలా చెప్పడం లేదు. మీ నాన్నగారి గురించి మాట్లాడాల్సింది ఆయన డాక్టరే, నేను ఆ మాటకు అర్థం మాత్రం చెప్పగలను, ఎందుకంటే రోజూ అదే చదువుతాను. ఆ ట్రయల్‌లో చేరినవాళ్లని వరసగా నిలబెడితే సగంమంది 11 నెలల లోపు చనిపోయారు, మిగతా సగం 11 నెలలు దాటి బతికారు. అంతే. ఆ దాటినవాళ్లలో ఒకరు 12 నెలలు ఉండొచ్చు, ఇంకొకరు ఐదేళ్లు ఉండొచ్చు, ఆ ఒక్క అంకెలో అదేమీ కనపడదు. వ్యాసంలో మెట్లుమెట్లుగా కిందికి దిగే ఒక గీత ఉంటుంది చూడండి, కుడివైపు చివరిదాకా అది నేలను తాకకుండా సాగితే అక్కడ ఇంకా మనుషులున్నట్టు. స్టీఫెన్ జే గూల్డ్ అని హార్వర్డ్ ప్రొఫెసర్, 1982లో ఆయనకి పొట్టలో మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ వచ్చింది, అప్పటి పుస్తకాల్లో దాని మీడియన్ 8 నెలలు. ఆయన ఆ తర్వాత 20 ఏళ్లు బతికారు. అందరికీ అలా జరుగుతుందని నేననడం లేదు, అలా చెప్పి మిమ్మల్ని మోసం చేయను. ఆ వ్యాసంలో ఉన్నవాళ్ల వయసు, వాళ్ల కణితిలోని జన్యు మార్పులు, అంతకుముందు తీసుకున్న మందులు మీ నాన్నగారివి కాకపోవచ్చు. వ్యాసం ప్రింటు తీసుకుని ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు డాక్టరు ముందు పెట్టి, "నాన్న వీళ్లలాంటివారేనా?" అని అడగండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, ఒంటరిగా మోయకండి.

మేడం, నేను చూసి పంపిన వ్యాసం గత వారం అచ్చయింది. ఇప్పుడు తెరిచి చూస్తే ఒక టేబుల్‌లో రెండు గుంపుల పేర్లు అటుదిటు అయ్యాయి. మాన్యుస్క్రిప్ట్‌లో సరిగ్గానే ఉంది. ఎవరూ గమనించలేదు. చెబితే పని పోతుందేమో. — తిరుపతి

చేరిన రెండో ఏడాది నాకూ జరిగింది. ఫలితాల్లో "తగ్గలేదు" అని ఉండాల్సిన చోట 'నాట్' అనే మాట పేజీ మారేచోట ఎగిరిపోయింది, "తగ్గింది" అని అచ్చయింది. తెలుగులో ఒత్తు పోతే ముద్రారాక్షసం అని నవ్వుకుంటాం, అది మాత్రం కీమో తీసుకునేవాళ్ల నొప్పి గురించిన వాక్యం. మూడు రోజులు కడుపులో దాచుకున్నాను, నాలుగో రోజు ప్రొడక్షన్ ఎడిటర్‌కి చెప్పాను. తిట్టారు, బాగానే తిట్టారు. నెల తిరక్కుండా సవరణ వేశారు. ఇప్పటికీ పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల వెబ్‌సైట్‌లో ఆ వ్యాసం తెరిస్తే సవరణ లింకు కనిపిస్తుంది, చూసినప్పుడల్లా గుండె కాస్త కుదుటపడుతుంది.

సవరణ వేయడం వేరు, వ్యాసం వెనక్కి తీసుకోవడం వేరు, ఆ తేడా తెలియక చాలామంది హడలిపోతారు. అచ్చులో జరిగిన పొరపాటుకి సవరణ వేస్తారు, పరిశోధకుడి పేరుకి మచ్చేమీ రాదు. మీ పని సంగతి నేను మాట ఇవ్వలేను, ఆఫీసుని బట్టి ఉంటుంది. కానీ ఆ టేబుల్ తిరగబడి ఉన్నన్నాళ్లూ పనిచేయని మందు పనిచేసినట్టు కనిపిస్తుంది, మెటా ఎనాలిసిస్ చేసేవాళ్లు, అంటే చాలా వ్యాసాల ఫలితాల్ని కలిపి లెక్కగట్టేవాళ్లు, నేరుగా టేబుల్‌లోంచే అంకెలు ఎత్తుకుంటారు. ఈరోజే మెయిల్ పెట్టండి. వ్యాసం పేరు, టేబుల్ నంబరు, అచ్చులో ఏముంది, మాన్యుస్క్రిప్ట్‌లో ఏముంది, రెండిటి స్క్రీన్‌షాట్లు, ఐదు లైన్లు చాలు. క్షమాపణ ఒక్క లైను రాయండి, వివరణలు వద్దు. పంపాక నాకో ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాను.